షెవ్రొలేకి పంపు షాఫ్టు

మావయ్య కారెక్కితే తలనొప్పి వస్తోందని అత్తయ్య ఏడాది నుంచి మొత్తుకుంటోంది. ఎండ వల్లేమో అని ఒకరన్నారు, పెట్రోలు వాసన పడదేమో అని ఇంకొకరు. అసలు కారెక్కడం ఇష్టం లేక చెప్పే సాకని మావయ్య. నేనూ తక్కువ తినలేదు, కళ్ళజోడు నంబరు మారిందేమో చూపించుకోమన్నాను. తీరా మొన్న కార్తీక మాసంలో అంతర్వేది బయల్దేరితే, సఖినేటిపల్లి చేరేసరికి నాకూ కణతలు లాగడం మొదలైంది. అద్దాలు దించితే తగ్గింది, ఎత్తితే మళ్ళీ వచ్చింది. ఇంటర్ పిల్లలకి పాతికేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నవాడిని, ఆ మాత్రం లెక్క తేలాలి కదా. పొగ లోపలికి వస్తోంది.

కారు గురించి కొంచెం చెప్పాలి. అది తాతయ్యది. 1954 షెవ్రొలే బెలేర్. మద్రాసులో చేతులు మారి మారి, 1966లో తాతయ్య కొబ్బరికాయల డబ్బుతో మా ఇంటికొచ్చింది. అప్పటికి వశిష్ఠ గోదావరి మీద ఇటువైపు వంతెన లేదు. నరసాపురం రేవులో రెండు పడవలు జతకట్టి, పైన బల్లలు పరిచి, దాని మీద ఎక్కించి ఇవతలి ఒడ్డుకి దాటించారట. ఆ పడవలు నీళ్ళలోకి ఎంత దిగాయో అమ్మ ఇప్పటికీ మూర వేసి చూపిస్తుంది. ఏడాదికో అంగుళం చొప్పున పెరుగుతూ వస్తోంది ఆ మూర.

స్టీరింగు ఎడమవైపు. షెవ్రొలేలు ఒకప్పుడు బొంబాయి సెవ్రీలో కూడా తయారయ్యేవి, 1928 నుంచి 1954 దాకా. కానీ ఎడమ స్టీరింగును బట్టి మాది నేరుగా బయటినుంచి వచ్చిన బండి. ఆరు సిలిండర్లు, 235 ఘనపు అంగుళాల ఇంజను. మన లెక్కలో దగ్గర దగ్గర 3.9 లీటర్లు. అంటే మారుతి 800 ఇంజన్లు నాలుగు దించి, దీని బానెట్లో పోసినా ఇంకా చోటుంటుంది. గేర్లు రెండే, అవీ వాటంతటవే మారతాయి. బ్యాటరీ మాత్రం 6 వోల్టులది. ఇంత పెద్ద ఇంజన్ని ఆ బ్యాటరీ తిప్పడం అంటే, చిన్నప్పుడు మా బక్క పాలేరు నీళ్ళకాగు ఎత్తినట్టుంటుంది. ఎత్తుతాడు, కానీ చూసేవాళ్ళకి టెన్షన్.

మర్నాడు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా, బానెట్ ఎత్తి స్టార్ట్ చేయించాను. టిక్ టిక్ టిక్. కుట్టుమిషను శబ్దం. మావయ్య "అది వాల్వులు, తాతయ్య ఉన్నప్పట్నించీ ఉంది" అన్నాడు. కాలేజీ ల్యాబులోంచి తెచ్చిన రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఇంజను పొడుగునా తిప్పాను. వాల్వుల దగ్గర మామూలుగానే ఉంది. పక్కనే పొగంతా పోగయ్యే బీడు (పోత ఇనుము) గొట్టం, అదే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, దాని మధ్యకి రాగానే చెవిలో ఎవరో చిటికె వేసినట్టయింది. వంగి చూస్తే, మ్యానిఫోల్డ్ పై గోడలోంచి నిటారుగా ఒక చిన్న ఇనప గొట్టం బయటికి వచ్చింది. దాని మొదట్లో చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి వలయం. వేలితో కదిపితే ఊడబోయే పాలపన్నులా ఊగింది.

పది నిమిషాలకి ఇంజను వేడెక్కాక టిక్ టిక్ ఆగిపోయింది. అందుకే ఏ మెకానిక్కుకీ దొరకలేదు. వాళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి బండి వేడిగానే ఉంటుంది కదా.

ఈ గొట్టం పనేంటో చెబితేగానీ మిగతాది అర్థం కాదు. పాత అంబాసిడర్లలో, స్కూటర్లలో చలికి స్టార్ట్ కాకపోతే చోకు చేత్తో లాగేవాళ్ళం. ఈ కారుకి ఆ పీకులాట లేదు, చోకు తనంతట తానే పడుతుంది, తనంతట తానే లేస్తుంది. కార్బొరేటర్ పక్కన గుండ్రటి డబ్బీ ఒకటి ఉంటుంది. అందులో రెండు లోహాల రేకులు అతికించి చుట్టిన స్ప్రింగు. చల్లగా ఉన్నప్పుడు అది బిగిసి చోకు తలుపు మూస్తుంది. గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది, ఇంజను అందుకుంటుంది. తర్వాత ఆ స్ప్రింగుకి వేడి తగిలితే విచ్చుకుని తలుపు తెరుస్తుంది. వేడి ఎక్కడిది? ఈ గొట్టం మ్యానిఫోల్డ్‌ని కింద నుంచి పైకి నిలువునా పొడుచుకుని పోతుంది. కింది కొస బయట గాలిలోకి తెరిచి ఉంటుంది. చుట్టూ సలసల కాగే పొగ, గొట్టం లోపల మాత్రం శుభ్రమైన గాలి. ఇంజను పీల్పుకి ఆ గాలి వేడెక్కుతూ పైకి పాకి, ఇంకో సన్న గొట్టంలోంచి డబ్బీలోకి చేరి స్ప్రింగుని కాస్తుంది. కాఫీ ఫిల్టరంత సాదా ఏర్పాటు.

గొట్టం లూజైతే రెండు అనర్థాలు. సందులోంచి పొగ బానెట్ కిందికి, అక్కడినుంచి కారు లోపలికి. అత్తయ్య తలనొప్పి అదే. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన రాదు, ప్రాణం తీస్తుంది. ఇక రెండోది, పైకి రావలసిన వేడిగాలి సరిగా రాదు, చోకు తెరుచుకోదు. బండి సగం చోకుతోనే ఊళ్ళు తిరుగుతుంది. నల్ల పొగ, మసిపట్టిన ప్లగ్గులు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తోందో మావయ్య ఎవరికీ చెప్పడు. అమ్మాయి జాతకంలో దోషంలా దాస్తాడు.

సలహాలకి మా ఊళ్ళో కొదవ లేదు.

"చోకు తలుపు తీసి తీగతో కట్టేద్దామండి. మనకి చలెక్కడిదండీ బాబూ" అన్నాడు మెకానిక్కు. చాలామంది చేసేది అదే, పూర్తిగా తప్పని కూడా అనను. ఏప్రిల్, మే నెలల్లో ఆ చోకుతో ఇంచుమించు పనే లేదు. కానీ పుష్యమాసం తెల్లవారుజామున, ఆ 6 వోల్టుల బ్యాటరీతో, చోకు లేకుండా నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టి చూడండి. ఐదోసారి తొయ్యడానికి మనుషులు కావాలి. పైగా చోకు కట్టేస్తే పొగ కారడం ఆగదు కదా.

"వెల్డింగ్ పెట్టించేయ్" అన్నాడు బావ. ఇక్కడ మాత్రం మెకానిక్కూ నేనూ ఒకేసారి వద్దన్నాం. బీడుకి వెల్డింగ్ అంటే మొత్తం ముక్క ముందుగా కాల్చాలి, నికెల్ రాడ్డు వాడాలి, బూడిదలోనో సున్నంలోనో పెట్టి నిదానంగా చల్లార్చాలి. తొందరపడితే టప్పున పగులుతుంది. ఆ మ్యానిఫోల్డ్ పగిలితే ఇంకోటి రాజోలు సంతలో దొరకదు.

అంతకుముందే ఎవరో ఒక మేస్త్రి సందు చుట్టూ రెండు రకాల ముద్దలు కలిపి మెత్తాడట. ఆ ముద్ద మాడి, అప్పడంలా పెళుసెక్కి, గోరు తగిలితే రాలిపోయింది. నీళ్ళ పైపుకి వాడేది మూడు నాలుగు వందల డిగ్రీల ఇనుము మీద ఎలా నిలుస్తుంది.

కాబట్టి కొత్త గొట్టం బిగుతుగా దిగ్గొట్టడమే మార్గం. పాతది ప్లయరుతో తిప్పుతూ లాగితే పైకి వచ్చేసింది. వచ్చాక చూస్తే జాలేసింది. లోపలి భాగం తుప్పు తిని ఉల్లిపొరలా ఉంది, కింద ఒకచోట చిల్లు కూడా. మన సముద్రపు గాలికి ఇన్నేళ్ళు ఆగడమే గొప్ప. మ్యానిఫోల్డ్ దించలేదు. దాన్ని పట్టి ఉంచేవి డెబ్భై ఏళ్ళ స్టడ్లు, ఒక్కటి విరిగినా కథ మొదటికొస్తుంది. పై రంధ్రానికి వెర్నియర్ పెట్టి చూస్తే ఒక అడ్డంలో ఒక కొలత, ఇంకో అడ్డంలో పావు మిల్లీమీటరు ఎక్కువ. గొట్టం ఊగి ఊగి రంధ్రం కోడిగుడ్డు ఆకారమైంది. కింది రంధ్రం పరవాలేదు.

మలికిపురంలో నాకు తెలిసిన లేతు మేస్త్రి ఒకాయన ఉన్నాడు. చెరువుల మోటార్ల షాఫ్టులు, రైసుమిల్లు పుల్లీలు, ఏది తెచ్చినా ఒకసారి వేళ్ళతో తడిమి పక్కన పెడతాడు. కొలత ఆ తడమడంలోనే సగం అయిపోతుంది.

"రంధ్రాలు గుండ్రంగా రీమరు పట్టించుకుని రండి మాస్టారూ. ఆ సైజుకి స్టెయిన్‌లెస్ గొట్టం ఒక పిసరు ఎక్కువ పెట్టి ఇస్తాను. తుప్పు గొడవుండదు" అన్నాడు.

నాకూ నచ్చింది. స్టెయిన్‌లెస్ అంటే మన మనసులో పెద్దపీట ఉంది కదా, పెళ్ళి సామాన్లతో మొదలు. రీమరు అంటే రంధ్రాన్ని గుండ్రంగా చెక్కే పనిముట్టు. దాని గాడుల్లో గ్రీజు పూసి, చేత్తో నిదానంగా తిప్పి రెండు రంధ్రాలూ సరిచేశాం. రజను గ్రీజుకి అంటుకుని పైకొచ్చింది, మిగిలింది వాక్యూమ్ క్లీనరుతో లాగేశాం. 304 రకం గొట్టం తయారైంది, పన్నెండు మిల్లీమీటర్ల పైచిలుకు లావు.

బావకి రొయ్యల వ్యాపారం, ఐసుకి లోటు లేదు. "గొట్టం ఐసులో పెట్టు బావా, ముడుచుకుంటుంది, సులువుగా దిగుతుంది" అని ఒక పెట్టె ఐసు దింపాడు. ఆలోచన సరైనదే. కానీ లెక్క వేస్తే, ముప్ఫై డిగ్రీలు చల్లబడితే ఆ గొట్టం తగ్గేది ఆరు మైక్రాన్లు. తలవెంట్రుకలో పదో వంతు. ఆ మాట చెబితే బావ నొచ్చుకున్నాడు, అందుకని ఐసు కూడా పెట్టాం. అసలు పని బ్లో ల్యాంపు చేసింది. కార్బొరేటర్ తీసేసి, పెట్రోలు పైపు మూసి, బ్యాటరీ ఊడదీసి, తడి గోనెలు కప్పి, ఇసుక బాల్చీ పక్కన పెట్టుకుని, మ్యానిఫోల్డ్ చుట్టూ మంట తిప్పుతూ కాచాం. రెండు వందల డిగ్రీలు పెరిగితే రంధ్రం పాతిక మైక్రాన్లు పెద్దదవుతుంది. కొయ్య సుత్తితో నాలుగు దెబ్బలు. దిగిపోయింది. చల్లారాక ప్లయరుతో తిప్పితే కదల్లేదు. బావ మిగిలిన ఐసులో సోడాలు పెట్టాడు.

పదిహేను రోజులు బాగుంది. పదహారో రోజు పొద్దున్న మావయ్య ఫోను. "ఒరేయ్ అబ్బాయ్, కుట్టుమిషను మళ్ళీ మొదలైందిరా."

వెళ్ళి చూస్తే గొట్టం ఊగుతోంది. కొత్త గొట్టం, కొత్త రంధ్రం, అంత బిగుతు. నాకు తల కొట్టేసినట్టయింది. లేతు మేస్త్రి కొలత తప్పాడేమో అని కూడా ఒక క్షణం అనుకున్నాను, ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

సంగతి బోధపడింది క్లాసులో. వ్యాకోచం పాఠం. బోర్డు మీద ఎప్పటిలాగే రెండు లోహాల పట్టీ బొమ్మ వేశాను. ఎప్పటిలాగే ఇస్త్రీపెట్టె ఉదాహరణ చెప్పాను. ఒక లోహం ఎక్కువ సాగుతుంది, ఇంకోటి తక్కువ, అందుకని వంగుతుంది. ఈసారి ఇస్త్రీపెట్టెతో పాటు మా కారు చోకు కూడా చెబుదామని నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉంది. ముందు బెంచీ పిల్ల "ఏమైంది సార్" అంది.

ఆ చోకుని తెరిచే సూత్రమే నా గొట్టాన్ని వదులు చేసింది. మీటరు పొడవు బీడు ఒక డిగ్రీ వేడెక్కితే 11 మైక్రాన్లలోపు సాగుతుంది. 304 స్టెయిన్‌లెస్ 17 సాగుతుంది. ఇంజను వేడెక్కినప్పుడు గొట్టం ఎక్కువ లావెక్కాలని చూస్తుంది, చుట్టూ బీడు ఎక్కనివ్వదు. పలచటి గొట్టం, వేడికి మెత్తబడింది, ఎటూ పోలేక లోపలికి నలుగుతుంది. ఆ నలుగుడు శాశ్వతం. బండి ఆపితే చల్లారి, మొదట ఉన్నదానికంటే ఒక పిసరు సన్నగా తేలుతుంది. రోజుకి రెండుసార్లు ఇదే తంతు. బిగుతుగా పెట్టానని మురిసిపోయాను, బిగుతుగా పెట్టిన కొద్దీ నలిగింది. ఏటా రెండు సెక్షన్లకి ఆ బొమ్మ వేసి చూపించేవాడినే, నా చేతిలో గొట్టానికి మాత్రం లెక్క కట్టింది ఐసుకే, నిప్పుకి కాదు.

మామూలు ఇనప గొట్టమైతే 12, బీడుకి దగ్గరే. ఆ అమెరికా వాళ్ళు అందుకే ఇనుము పెట్టుంటారు. కానీ మన ఉప్పుగాలిలో ఇనుము అంటే మళ్ళీ ఉల్లిపొర. తుప్పు పట్టకూడదు, బీడుతో సమానంగా సాగాలి. ఇలాంటి సంబంధం ఎక్కడ దొరుకుతుంది?

మేస్త్రికి వెళ్ళి ఇదంతా చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, మూల నుంచి ఒక కడ్డీ తీసి నా ముందు పడేశాడు. పాత సబ్‌మెర్సిబుల్ పంపు షాఫ్టు. ఎవరిదో చెరువు మోటారు కాలిపోతే రీవైండింగు షాపువాళ్ళు వదిలేసింది.

"ఇదీ స్టెయిన్‌లెస్సేనండి. కానీ గిన్నెల స్టెయిన్‌లెస్ కాదు" అని, బల్ల కింద పెట్టుకున్న పాత స్పీకరు అయస్కాంతం తీసి ఆనించాడు. టక్కున అంటుకుంది. నా 304 గొట్టం ముక్కకి ఆనిస్తే జారిపోయింది.

అది 410 రకం. పంపు షాఫ్టులకి ఎక్కువగా వాడేది అదే. ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే దాని వ్యాకోచం 10కి, 11కి మధ్య. బీడు పక్కన కూర్చోబెడితే తోబుట్టువుల్లా ఉన్నాయి. తుప్పు విషయంలో 304 అంత గట్టిది కాదుగానీ, రొయ్యల చెరువు నీళ్ళలో మునిగి పనిచేసిన సరుకు, నా బానెట్ కింద బతకలేదా?

షాఫ్టుని గొట్టం చేయడం మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. గట్టి లోహం, జానెడు లోపు పొడుగు, నడిమధ్యన నిటారుగా చిల్లు పడాలి. డ్రిల్లు బిట్టు రెండు మొండివయ్యాయి. "మాస్టారూ, మీ కారుకి చిల్లు పెట్టడం కంటే పర్సుకి పెట్టడం సులువండీ" అంటూనే చేశాడు. మధ్యలో ఆపి, కాలిన నూనె కొట్టి, చల్లార్చి, మళ్ళీ. నేను పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. నీలంగా మెరిసే చుట్టలు చుట్టలుగా రజను లేస్తోంది, ముట్టుకుంటే వేలు తెగుతుంది. చివర్లో పైభాగం ఒక పిసరు లావుగా, కింది భాగం సన్నగా మెట్టు పెట్టాడు. ఎందుకంటే గొట్టం పై రంధ్రంలోంచి దూరి కిందిదాకా వెళ్ళాలి. రెండూ ఒకే లావైతే పై రంధ్రం దగ్గరే బిగుసుకుని కిందికి దిగేసరికి ఒళ్ళు హూనమవుతుంది. పైన చిన్న అంచు కూడా వదిలాడు, లోపలికి జారిపోకుండా. ఆ అంచు నేను అడగలేదు.

ఎంతివ్వమంటారంటే ఎనిమిది వందలన్నాడు. బిట్ల ఖరీదు కలిపి ఇంకాస్త ఇవ్వబోతే బిట్లు తన ఖాతా అన్నాడు. మర్నాడు అత్తయ్య చేత ఆత్రేయపురం పూతరేకులు పంపించాం, అవి మాత్రం తీసుకున్నాడు.

మళ్ళీ మంట, మళ్ళీ తడి గోనెలు. ఈసారి ఐసు లేదు. బావ అడిగాడు కూడా, "పెట్టమంటావా" అని. 410కి ఐసు లాభం నాలుగు మైక్రాన్లు కూడా రాదని చెప్పకుండా, అవసరం లేదులే అన్నాను. కిందికి దిగుతున్నప్పుడు సుత్తి శబ్దం మారింది. మొదట డబ్ డబ్ మని, అంచు కూర్చోగానే టంగుమంది. మావయ్య గుమ్మంలోంచే "కూర్చుంది" అన్నాడు.

అంతటితో అయిపోలేదు. చోకు డబ్బీ విప్పితే లోపల మసి. చిల్లు పడ్డ పాత గొట్టంలోంచి గాలికి బదులు పొగే పీల్చి, స్ప్రింగుకీ, తలుపు లాగే చిన్న పిస్టనుకీ కాటుక పెట్టింది. కార్బొరేటర్ క్లీనరు కొట్టి, టూత్ బ్రష్షుతో తోమి, పిస్టను దాని బరువుకే జారేదాకా వదల్లేదు. నూనె వెయ్యకూడదు, దుమ్ము పడుతుంది. పై గొట్టానికి చుట్టిన తెల్లటి పాత తాడు ఆస్బెస్టాసేమో అని అనుమానం. మాస్కు పెట్టుకుని, నీళ్ళతో బాగా తడిపి, పొడి లేవకుండా తీసి సంచిలో మూటకట్టాం. సన్న గొట్టానికి ఫ్రిజ్ మెకానిక్కు దగ్గర దొరికే రాగి పైపు సరిపోయింది, కొస విప్పార్చి నట్టు బిగించి ఇచ్చాడు. దాని మీద ఫైబర్‌గ్లాసు తాడు. వేడి దారిలోనే పోతే ఇంత చేసీ లాభం ఏముంది. డబ్బీ మూత మీద గీతలుంటాయి, దాన్ని తిప్పి చోకు ఎంత గట్టిగా పడాలో పెట్టుకోవచ్చు. మన చలికి తగ్గట్టు ఒక గీత వదులు వైపు తిప్పాను.

భోగి రోజు తెల్లవారుజామున ఐదున్నరకి తెరిచాం షెడ్డు. వీధిలో మంటలు అప్పుడే అంటుకుంటున్నాయి, మంచు, తాటాకుల పొగ. ల్యాబు థర్మామీటరు పద్దెనిమిది డిగ్రీలు చూపించింది. మావయ్య ఎడమవైపు ఎక్కాడు, యాక్సిలేటరు ఒక్కసారి అడుగుదాకా తొక్కి వదిలాడు. అలా తొక్కితేనే చోకు పడుతుంది, తాతయ్య నేర్పిన పద్ధతి. సెల్ఫ్ కొట్టాడు. మూడో తిప్పుకి అందుకుంది. హోరుమని గట్టిగా, పరుగు మీద ఉన్నట్టు.

టిక్ టిక్ లేదు. చెవికి రబ్బరు గొట్టం పెట్టుకుని విన్నాను, లేదు.

నేను గాలి డబ్బా పైకెత్తి టార్చి వేసి చూస్తూ నిలబడ్డాను. చోకు తలుపు మొదట సన్న సందు. రాగి పైపు మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది, తర్వాత గోరువెచ్చన, తర్వాత పెట్టలేకపోయాను. తలుపు కదలడం కనపడదు, గడియారంలో చిన్న ముల్లులాగా. చూపు తిప్పి చూస్తే మాత్రం ఇంకాస్త తెరుచుకుని ఉంటుంది. నాలుగు నిమిషాలకి నిటారుగా నిలబడింది.

ఇంజను ఇంకా హోరుమంటూనే ఉంది. చిన్నప్పుడు ఈ హోరులోనే తాతయ్య అరుగు మీద కాఫీ తాగేవాడు. గ్లాసు కింద పెట్టి, లోపలికి వంగి, చేత్తో యాక్సిలేటరు ఒక్కసారి తట్టేవాడు. బండి గప్పున నెమ్మదించేది. అప్పుడు "పదండి" అనేవాడు. ఆ తట్టడంలో మంత్రం ఉందనుకునేవాళ్ళం పిల్లలం. ఏమీ లేదు, చోకు తెరుచుకున్నాక పెడలు కదిలిస్తే వేగం పట్టి ఉంచిన మెట్టు జారుతుంది, అంతే. చోకు సరిగా తెరుచుకోనప్పుడు ఎన్నిసార్లు తట్టినా జారదు. ఎన్నో ఏళ్ళుగా మావయ్య తట్టి తట్టి విసిగి, స్క్రూ తిప్పి వేగం తగ్గించుకుని నడుపుతున్నాడు.

"తట్టు" అన్నాను.

తట్టాడు. ఇంజను దిగింది. ఆరు సిలిండర్లూ బరువుగా, నింపాదిగా, దూరంగా ఎక్కడో రోలు తిరుగుతున్నట్టు.

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "నాన్న బయల్దేరుతు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. కాసేపటికి తనే బయటికి వచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "ఎవరెవరు వెళ్తున్నారర్రా?" అంది.

కనుమ నాడు అందరం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళొచ్చాం. అద్దాలెత్తుకునే వెళ్ళాం. అత్తయ్య దారంతా మాట్లాడుతూనే ఉంది, తలనొప్పి ఊసు రాలేదు. తిరిగి వస్తూ రాజోలు బంకులో మావయ్య పెట్రోలు కొట్టించాడు. మీటరు వైపు నన్ను చూడనివ్వకుండా అడ్డంగా నిలబడ్డాడు.